కేటీలు, పోర్టళ్ళు, ఐడియా బాక్సులు: కంపెనీలో తెలిసినదాన్ని నిలబెట్టుకోవడం, కొత్తది పుట్టించడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ ఐటీ సర్వీసెస్‌లో చాలాకాలం డెలివరీ చూసి, ఇప్పుడు మధ్యస్థాయి కంపెనీలకీ కొన్ని ఫార్మా యూనిట్లకీ ఈ నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ పని చేసిపెడుతున్నాను. కేటీ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, ఒకరికి తెలిసిన పనిని ఇంకొకరికి అప్పగించడం. మీటింగుల్లో, ఫోన్లలో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ గోల ఏదో అక్కడికి వెళ్ళిపోండి.

నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అంటే డాక్యుమెంటేషనే కదా, మళ్ళీ ఇంత పెద్ద పేరెందుకు?

కాదండీ. డాక్యుమెంటేషన్ అందులో ఒక ముక్క, అదీ చిన్న ముక్కే. కంపెనీలో ఎవరో ఒకరికి తెలిసిన విషయం, అది కావాల్సిన ఇంకొకరికి, కావాల్సిన టైమ్‌కి అందాలి, అంతే పని. రాస్తే అందిందా, ఫోన్‌లో చెప్తే అందిందా, పక్కన కూర్చోబెట్టి చూపిస్తే అందిందా అన్నది తర్వాతి సంగతి. మన దగ్గర ఇది ఉల్టా నడుస్తుంది, ముందు షేర్‌పాయింట్‌లో సైట్ తెరుస్తారు, డిపార్ట్‌మెంట్‌కో ఫోల్డర్ పెడతారు, అందరూ నింపండి అని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది, ఆర్నెల్లయ్యాక చూస్తే అందులో హాలిడే లిస్టు, పిక్నిక్ ఫోటోలు ఉంటాయి. పని తెలియాల్సినవాడు మాత్రం ఎప్పట్లాగే పక్క సీటు అన్ననే అడుగుతుంటాడు. నేను ఏ కంపెనీకి వెళ్ళినా ముందు చూసేది పోర్టల్ కాదు, కొత్తగా చేరిన కుర్రాడికి డౌట్ వస్తే ఎవర్ని అడుగుతున్నాడు, ఎంతసేపట్లో జవాబు వస్తోంది, అడిగితే మొహం చిట్లిస్తున్నారా లేదా అని చూస్తాను.

సరే, కానీ అన్నీ రాయించేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

రాయించగలిగినవి రాయించండి, వద్దనను. అయితే రాతకి లొంగనివి ఉంటాయి. మైకేల్ పొలాన్యీ అనే ఆయన, హంగరీలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన సైంటిస్టు, 1966లోనే అన్నాడు, మనం నోటితో చెప్పగలిగినదానికంటే మనకి తెలిసినది ఎక్కువ అని. దీన్ని కంపెనీల్లోకి తెచ్చి పెద్ద చర్చ చేసినవాడు జపాన్ ప్రొఫెసర్ ఇకుజిరో నొనాకా. ఆయన తరచుగా చెప్పిన ఉదాహరణ మత్సుషితా కంపెనీది, అంటే ఇప్పటి పానసోనిక్. 1985లో వాళ్ళు ఇంట్లో బ్రెడ్ చేసే మెషీన్ మీద పడ్డారు, ఎంత చేసినా పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. పిండిని ఎక్స్‌రేలు తీసి కూడా చూశారు. చివరికి ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌కి వెళ్ళి, అక్కడి పెద్ద బేకర్ దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పిండిని సాగదీసేటప్పుడు ఒక రకంగా మెలి తిప్పుతున్నాడని చేత్తో చేస్తేగానీ ఆవిడకి పట్టుబడలేదు. దాన్ని ఇంజినీర్లకి మెషీన్ భాషలో చెప్పి, మెషీన్ లోపల పైకి పొడుచుకొచ్చిన గట్లలాంటివి పెట్టించి, 1987లో మార్కెట్లోకి తెచ్చారు. ఆ బేకర్ని కూర్చోబెట్టి మీ ప్రాసెస్ రాసివ్వండి సార్ అంటే ఆ మెలి ఆ కాగితంలో ఉండేది కాదు, ఎందుకంటే తను మెలి తిప్పుతున్నానన్న ధ్యాసే ఆయనకి ఉండి ఉండదు.

మన ఫార్మాలో టాబ్లెట్లకి పైపూత వేసే కోటింగ్ ఏరియాలో కూడా ఇదే. సీనియర్ ఆపరేటర్ మాత్రలు తిరిగే ప్యాన్ దగ్గర నిలబడి టాబ్లెట్లు దొర్లే చప్పుడు విని, లోపలి మాత్రలకి తడి ఎక్కువైందని చెప్పేస్తాడు, మాత్రలు ఒకదానికొకటి అంటుకోకముందే స్ప్రే కాస్త తగ్గిస్తాడు. బీఎంఆర్‌లో (బ్యాచ్ తయారీ రికార్డులో) స్ప్రే రేటుకి ఇంత నుంచి ఇంత అని రేంజ్ ఉంటుంది, ఆ రేంజ్‌లో ఎప్పుడు ఎటు జరగాలో మాత్రం ఆయన చెవిలో ఉంటుంది. దానికి మందు ఎస్ఓపీ, అంటే పని పద్ధతి రాసిన కాగితం, కాదు, కొత్త కుర్రాణ్ణి వానాకాలం బ్యాచ్‌లకి ఆయన పక్కన వెయ్యడం.

మా సీనియర్ రిజైన్ చేశాడు, 90 రోజుల నోటీస్ ఉంది. కేటీ ఎలా ప్లాన్ చెయ్యాలి?

అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇది, అదీ చేతులు కాలాక వచ్చే ప్రశ్న. అయినా ఇంకా టైమ్ ఉంది కాబట్టి చెప్తాను.

మొదటి తప్పు, ఆయన్ని పీపీటీ చెయ్యమనడం. చేస్తాడు, ఆర్కిటెక్చర్ డయాగ్రమ్ వేస్తాడు, రెండు గంటల కాల్ పెట్టి రికార్డ్ చేస్తారు, చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు ఆయన మాట్లాడుతూ పోతాడు, వినేవాళ్ళు మ్యూట్‌లో పెట్టుకుని వేరే టికెట్ (సిస్టమ్‌లో నమోదైన సమస్య) చూసుకుంటారు. ఆ రికార్డింగ్ మళ్ళీ ఎవరూ తెరవరు. దానికి బదులు పోయిన ఏడాది టికెట్లు తీయండి, అందులో ఆయన ఒక్కడే క్లోజ్ చేసినవి వేరు చెయ్యండి. మీరు నిజంగా పోగొట్టుకోబోయేది ఆ లిస్టే. తర్వాత ఆయన లాప్‌టాప్‌లో మాత్రమే ఉన్న స్క్రిప్టులు, ఆయన ఐడీ మీద టైమ్‌కి వాటంతటవే నడిచే షెడ్యూల్డ్ జాబులు, సర్వర్ సర్టిఫికెట్లు ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతాయో ఆయన క్యాలెండర్‌లో ఉన్న రిమైండర్లు, క్లయింట్ వైపు ఏ పని ఎవరికి ఫోన్ చేస్తే అవుతుందో ఆ పేర్లు. లాస్ట్ వర్కింగ్ డే సాయంత్రం ఐడీ డిసేబుల్ చేస్తారు, ఆ రాత్రి ఆయన ఐడీ మీద ఉన్న జాబ్ చచ్చిపోతుంది. ఈ సీను చూడని సపోర్ట్ టీమ్ హైటెక్ సిటీలో ఉండదనుకుంటా.

అసలు పని రివర్స్ కేటీలో, అంటే నేర్చుకునేవాడే చేసి చూపించడంలో, జరుగుతుంది. కీబోర్డు జూనియర్ దగ్గర ఉండాలి, సీనియర్ చేతులు కట్టుకుని కూర్చోవాలి. నెలాఖరు లెక్కల ప్రోగ్రాములు వరసగా నడిచే మంత్ ఎండ్ బ్యాచ్ నడుస్తోంది అనుకోండి, మూడో స్టెప్‌లో ఫెయిల్ అయింది. సీనియర్ చెయ్యి వెంటనే మౌస్ మీదకి వెళ్తుంది, అక్కడ ఆపాలి ఆయన్ని. కుర్రాడు "అన్నా, రీరన్ కొట్టనా?" అంటాడు. "ఆగు ఆగు, ముందు ఆ ఇన్‌పుట్ ఫైల్ సైజు చూడు, జీరో ఉంటే అవతలివాళ్ళు పంపలేదన్నట్టు, వాళ్ళకి పింగ్ చెయ్, రీరన్ మాత్రం కొట్టకు, రెండో స్టెప్ ఎంట్రీలు మళ్ళీ పోస్ట్ అవుతాయి." ఈ రీరన్ కొట్టకు అన్న మాట ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండదు, ఎందుకంటే ఆయనకి అది చెప్పాల్సిన విషయంగా ఎప్పుడూ తోచలేదు, ఫెయిల్ అయిన క్షణంలోనే నోట్లోంచి వస్తుంది. కాబట్టి ఆ 90 రోజుల్లో మూడు మంత్ ఎండ్‌లూ కుర్రాడే నడపాలి, రన్‌బుక్ (ఏ స్టెప్‌లో ఏం చెయ్యాలో రాసే నోట్సు) కూడా కుర్రాడే రాయాలి, సీనియర్ దిద్దాలి. సీనియర్ రాస్తే తనకి తెలిసినవన్నీ వదిలేసి రాస్తాడు.

ఆయన కావాలనే చెప్పట్లేదు సార్, దాచుకుంటున్నాడు. అప్పుడు?

కొంతమంది నిజంగానే దాచుకుంటారు. కానీ నేను చూసినంతలో ఎక్కువమంది దాచుకోరు, వాళ్ళకి టైమ్ ఉండదు, లేదా చెప్తే ఏమవుతుందో అన్న భయం ఉంటుంది. ఆ భయం ఊరికే రాలేదు కదా, ఇంతమందికే మంచి రేటింగ్ అనే బెల్ కర్వ్ పెట్టి టీమ్‌లో ఒకర్నొకరు దాటితేనే హైక్ అని మీరే చెప్పి, మళ్ళీ పక్కవాడికి నేర్పించు అంటే ఎందుకు నేర్పుతాడు? నేర్పడం కూడా ఆయన గోల్ షీట్‌లో రాయండి, ఎవరికి నేర్పాడో వాళ్ళు ఒంటరిగా ఆన్‌కాల్ (వేళకాని వేళ వచ్చే సమస్యల డ్యూటీ) చూసుకోగలిగితే ఆ క్రెడిట్ ఈయనకి ఇవ్వండి. ఇంకోటి, చెప్పడం చేతకాకపోవడాన్ని చెప్పకపోవడం అనుకుంటుంటారు మేనేజర్లు. అలాంటి మనిషికి ఎదురుగా ప్రశ్న అడిగే మనిషి కావాలి, ఖాళీ టెంప్లేట్ కాదు.

పోర్టల్‌లో ఎవరూ రాయట్లేదు, పాయింట్లు గిఫ్ట్ కార్డులు ఇస్తే రాస్తారా?

రాస్తారు, అదే సమస్య. ఇన్ఫోసిస్ సంగతి మేనేజ్‌మెంట్ పరిశోధకులు రాసి పెట్టారు. 2000ల మొదట్లో వాళ్ళు నాలెడ్జ్ కరెన్సీ యూనిట్లు అని పెట్టారు, డాక్యుమెంట్ వేస్తే యూనిట్లు, వాటితో బహుమతులు కొనుక్కోవచ్చు. కాంట్రిబ్యూషన్లు ఒక్కసారిగా పొంగిపోయాయి, దాంతోపాటు పనికొచ్చేది ఏదో కానిది ఏదో తేల్చుకునే భారం కూడా పెరిగింది, చూసేవాళ్ళకి ఊపిరాడలేదు. తర్వాత స్కీమ్‌ని సరిదిద్దుకుని, వాడినవాళ్ళకి ఎంత ఉపయోగపడింది అన్నదానికి బరువు పెంచారు. అంత పెద్ద కంపెనీ అంత శ్రద్ధగా చేస్తేనే అలా అయింది, మనం గిఫ్ట్ కార్డు పెడితే గూగుల్లో దొరికే ట్యుటోరియల్ కాపీ కొట్టి పడేస్తారు.

దీనికి ఎదురు ఉదాహరణ జిరాక్స్. 1980లలో జూలియన్ ఓర్ అనే ఆంత్రొపాలజిస్టు వాళ్ళ కాపియర్ టెక్నీషియన్లతో తిరిగాడు. చూస్తే మాన్యువల్‌తో మెషీన్లు బాగవ్వట్లేదు, పొద్దున టిఫిన్ దగ్గర, మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళు చెప్పుకునే కథలతో బాగవుతున్నాయి, ఆ మోడల్ ఈ ఎర్రర్ చూపిస్తుంది కానీ అసలు లోపం అక్కడ కాదు గురూ, ఇలాంటివి. మేనేజ్‌మెంట్ కళ్ళకి అది టైమ్‌పాస్. తర్వాత ఆ కథల్ని పట్టుకునే యురేకా అనే సిస్టమ్ కట్టారు, మొదట ఫ్రాన్స్‌లో మొదలైంది. టెక్నీషియన్ చిట్కా రాస్తే తోటి టెక్నీషియన్లే పరీక్షించి ఓకే చేస్తారు, రాసినవాడి పేరు దానికి ఉంటుంది, డబ్బు మాత్రం ఇవ్వరు. బ్రెజిల్‌లో ఒకతను విసిగిపోయిన కస్టమర్‌కి సుమారు 40,000 డాలర్ల మెషీన్ మొత్తం మార్చబోతూ, ఎందుకైనా మంచిదని వెతికితే మాంట్రియల్ టెక్నీషియన్ రాసిన చిట్కా దొరికింది, చాలా చవకైన చిన్న పార్టు మారిస్తే సరిపోయింది. డబ్బు కంటే తోటి పనివాళ్ళలో పేరు ఎక్కువ లాగుతుందని నేను దీన్ని బట్టే గట్టిగా నమ్ముతాను.

ఏ టూల్ కొనమంటారు?

మీ దగ్గర ఇప్పటికే ఉన్నది. మైక్రోసాఫ్ట్ లైసెన్స్ ఉంటే షేర్‌పాయింట్, జిరా వాడుతుంటే కాన్‌ఫ్లుయెన్స్, ఏదీ లేకపోతే గూగుల్ డాక్స్. టూల్ మార్చడం మీద పెట్టే ఆర్నెల్లు ఎప్పటికీ తిరిగి రావు.

సెర్చ్ చేస్తే ఒకే డాక్యుమెంట్ ఐదు రకాలుగా వస్తుంది, ఏది కరెక్టో తెలియదు.

ఫైనల్, ఫైనల్ లేటెస్ట్, ఫైనల్ లేటెస్ట్ కొత్తది. తెలుసు. ప్రతి పేజీకి ఒక మనిషి పేరు, మళ్ళీ చూడాల్సిన తేదీ ఉండాలి, టీమ్ పేరు పెడితే ఎవరూ చూడరు, మనిషి పేరే ఉండాలి. తేదీ దాటి ఎవరూ చూడని పేజీని ఆర్కైవ్‌లోకి తోసెయ్యండి, సెర్చ్‌లో రాకూడదు. భయపడి ఏదీ తీసెయ్యకపోతే జనం ఆ పోర్టల్ని నమ్మడం మానేస్తారు, ఒకసారి మానేశాక మళ్ళీ తిరిగి రారు.

మాకు అంతా వాట్సాప్ గ్రూపుల్లోనే నడుస్తుంది, తప్పా?

జవాబు త్వరగా దొరుకుతోంది కాబట్టి తప్పనను. సమస్య ఏంటంటే అదే ప్రశ్న మూడు నెలల తర్వాత ఇంకొకడు అడుగుతాడు, గుడ్ మార్నింగ్ మెసేజుల కింద పాత జవాబు పూడుకుపోయి ఉంటుంది. వారానికి ఒకసారి ఒక మనిషి, వంతులేసుకుని, ఆ వారంలో మళ్ళీ మళ్ళీ వచ్చిన జవాబులు తీసి పేజీలో పెట్టాలి, అరగంట పని. కస్టమర్ డేటా, పాస్‌వర్డులు, అకౌంట్ నంబర్ల స్క్రీన్‌షాట్లు మాత్రం ఆ గ్రూపులో అస్సలు వద్దు, మనిషి కంపెనీ వదిలి వెళ్ళినా అతని ఫోన్లో అవి ఉంటాయి.

ఇప్పుడు ఏఐ ఉంది కదా, మా డాక్యుమెంట్లన్నీ చాట్‌బాట్‌కి ఇచ్చేస్తే అదే చెప్తుంది కదా?

వెతకడం వరకు చాలా బాగా చేస్తుంది, నేనూ పెట్టిస్తున్నాను. కానీ మూడు చోట్ల దెబ్బ తింటారు. పాత పాలసీ, కొత్త పాలసీ రెండూ లోపల ఉంటే రెండూ కలిపి ఒక చక్కటి తప్పు జవాబు ఇస్తుంది, అదీ ఎంతో నమ్మకంగా, అందుకే పైన చెప్పిన ఆర్కైవ్ పని ముందు అవ్వాలి. రెండోది పర్మిషన్లు, జీతాల షీట్ ఎవరో అందరికీ తెరిచి ఉన్న ఫోల్డర్లో పెట్టి ఉంటారు, ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడలేదు కాబట్టి గొడవ లేదు, బాట్ మాత్రం అడిగిన మొదటి రోజే తీసి చూపిస్తుంది. మూడోది, ఉద్యోగులు బయటి బాట్‌లో కంపెనీ సరుకు పేస్ట్ చెయ్యడం. 2023లో శాంసంగ్ ఉద్యోగులు లోపలి కోడ్‌ని చాట్‌జీపీటీలో పెట్టినట్టు బయటపడి, ఆ కంపెనీ అలాంటి టూల్స్ వాడకాన్నే ఆపేసింది. ఉత్త నిషేధం పెడితే ఫోన్లో వాడతారు, కాబట్టి కంపెనీ తరపున ఒకటి కొనిచ్చి, ఏది పెట్టొచ్చో ఏది పెట్టకూడదో ఒక్క పేజీలో చెప్పండి.

ఇంకో మాట, కోటింగ్ ఆపరేటర్ చెవిలో ఉన్నది ఏ డాక్యుమెంట్‌లోనూ లేదు కాబట్టి బాట్‌కీ తెలియదు.

ఇదంతా పాతది కాపాడుకోవడం, ఇన్నోవేషన్‌కి దీనికి లింకేంటి?

కొత్తది గాల్లోంచి ఊడిపడదు, ఒకరికి తెలిసింది ఇంకొకరి ఇబ్బందికి తగిలినప్పుడు పుడుతుంది. 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ 1968లో గట్టి జిగురు చెయ్యబోతే, అంటుకుని సులువుగా ఊడొచ్చే బలహీనమైన జిగురు వచ్చింది. దేనికీ పనికిరాదు, అయినా ఆయన ఏళ్ళ తరబడి కంపెనీలో అందరికీ దాని గురించి సెమినార్లు చెప్తూ తిరిగాడు. అలాంటిదొకటి విన్నవాడు ఆర్ట్ ఫ్రై. ఆయన చర్చిలో పాడేటప్పుడు పాటల పుస్తకంలో పెట్టుకున్న కాగితం ముక్కలు జారిపోతుంటే 1974లో ఆ జిగురు గుర్తొచ్చింది. అమెరికా అంతటా పోస్ట్ ఇట్ అమ్మకానికి వచ్చింది 1980లో. పన్నెండేళ్ళు! ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ ఆ చర్చి ముక్కనే గుర్తుపెట్టుకుంటారు, నాకు మాత్రం ఆ సెమినార్లే ముఖ్యం. పనికిరాని ఫలితం గురించి పక్క డిపార్ట్‌మెంట్‌లో మాట్లాడే అవకాశం అక్కడ ఉంది. మన దగ్గర పనికిరాని ఫలితం ల్యాబ్ నోట్‌బుక్‌లోనే సమాధి అవుతుంది.

3ఎంలో 15 శాతం టైమ్ సొంత ఐడియాలకి ఇస్తారంట, మేమూ అనౌన్స్ చేద్దామా?

మీరు గంటల లెక్కన క్లయింట్‌కి బిల్ వేసే కంపెనీ అయితే, టైమ్‌షీట్‌లో దానికో కోడ్ తెరిచి, ఆ గంటలు యుటిలైజేషన్ (ఎన్ని గంటలు బిల్ అయ్యాయి అన్న) లెక్కలో మేనేజర్ నెత్తిన పడకుండా చూసి, అప్పుడు అనౌన్స్ చెయ్యండి. కోడ్ లేని పని మన ఆఫీసుల్లో జరగదు. అంత చెయ్యలేకపోతే ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నవాళ్ళకి ప్రొడక్షన్ టీమ్ నుంచి నిజమైన తలనొప్పి ఒకటి ఇచ్చి చూడండి, ఉత్త సర్టిఫికేషన్ కోర్సుల కంటే నయం.

సజెషన్ బాక్స్ పెట్టాం, ఖాళీ. లేదంటే క్యాంటీన్ సాంబార్ మీద కంప్లైంట్లు.

సాంబార్ బాగు చెయ్యండి ముందు. నిజంగానే అంటున్నా. చెప్తే ఏదైనా మారుతుందా అని జనం మొదట చిన్నదానితోనే పరీక్షిస్తారు. టొయోటాలో సజెషన్ పద్ధతి 1951 నుంచి ఉంది, ఫోర్డ్ ఫ్యాక్టరీ చూసొచ్చి పెట్టుకున్నారు. అక్కడ వచ్చేవి బ్రహ్మాండమైన ఐడియాలు కావు, ఈ ట్రే ఇంకాస్త దగ్గరికి జరిపితే వంగక్కర్లేదు, ఆ బోల్టు డబ్బాకి రంగు వేస్తే కలిసిపోదు, ఇలాంటివి ఎక్కువ, సూపర్‌వైజర్ త్వరగా జవాబిస్తాడు, ఒప్పుకుంటే ఆ చెప్పినవాడే చేసి చూపిస్తాడు. మన దగ్గర కాగితం కమిటీకి వెళ్తుంది, కమిటీ క్వార్టర్‌కి ఒకసారి కూర్చుంటుంది, ఈలోపు ఇచ్చినవాడు వేరే కంపెనీలో చేరిపోతాడు. వద్దు అనే జవాబైనా వారంలో ఇవ్వండి, ఎందుకు వద్దో కూడా చెప్పి.

హ్యాకథాన్ పెడితే?

పిజ్జాలు బాగుంటాయి, టీషర్టులు వస్తాయి, సోషల్ మీడియాలో పోస్టులు పడతాయి. సోమవారం నుంచి గెలిచిన ప్రోటోటైప్‌కి ఓనరు ఎవరు, దానికి సర్వర్ ఖర్చు ఎవరి బడ్జెట్ అన్నది ముందే రాసి ఉంటే పెట్టండి. రాసి లేకపోతే అది టీమ్ ఔటింగ్, ఆ పేరుతోనే పెట్టుకోవచ్చు.

కోడాక్‌లా అవ్వకుండా ఏం చెయ్యాలి?

ఫోటో ఫిల్ము కంపెనీ కోడాక్ డిజిటల్ సంగతి తెలియక మునిగిపోలేదు. స్టీవ్ శాసన్ అనే వాళ్ళ ఇంజినీరే 1975లో డిజిటల్ కెమెరా చేసి చూపించాడు, దాదాపు మూడున్నర కిలోలుండేది, ఒక్క ఫోటో క్యాసెట్ మీద ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. తర్వాత ఆ కంపెనీ డిజిటల్ కెమెరాలు అమ్మింది కూడా. అయినా 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది, ఎందుకంటే లాభమంతా ఫిల్ములో ఉంది, కొత్తది ఎంత బాగా చేస్తే పాతది అంత తొందరగా చచ్చిపోతుంది, ఆ నిర్ణయం తీసుకోవాల్సినవాళ్ళ బోనస్ పాతదాని మీదే ఉంటుంది.

జిరాక్స్ పార్క్ ల్యాబ్ కథ కూడా ఇలాగే చెప్తారు, 1973లో ఆల్టో కంప్యూటర్ చేశారు, మౌస్, స్క్రీన్ మీద విండోలు అన్నీ ఉన్నాయి, 1979లో స్టీవ్ జాబ్స్ వచ్చి చూసి వెళ్ళాడు, మిగతాది అందరికీ తెలుసు. కానీ అదే జిరాక్స్‌లో పుట్టిన లేజర్ ప్రింటర్‌ని వాళ్ళే 1977లో అమ్మకానికి పెట్టి బోలెడు సంపాదించారు, ఇది ఎవరూ చెప్పరు. తేడా ఏంటంటే ప్రింటర్ అమ్మడం కాపియర్ సేల్స్ వాళ్ళకి తెలిసిన పనే, కంప్యూటర్ అమ్మడం ఎవరికీ తెలియదు. అంటే కొత్త ఐడియాని తీసుకోడానికి మీ సేల్స్, సర్వీస్, అకౌంట్స్ సిద్ధంగా ఉన్నాయా అన్నది ఐడియాతో సమానంగా చూడాలి.

ఫెయిల్యూర్ నుంచి నేర్చుకోవాలంటారు, మా దగ్గర ఆర్‌సీఏ (రూట్ కాజ్ అనాలిసిస్, మూలకారణం వెతకడం) అంటే ఎవరి తప్పో తేల్చే కోర్టు.

అమెరికన్ ఆర్మీ పద్ధతి ఒకటి కంపెనీల్లోకి వచ్చింది, పని అవ్వగానే అందులో ఉన్నవాళ్ళంతా కూర్చుని నాలుగే అడుగుతారు: ఏం అవ్వాలనుకున్నాం, ఏం అయింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం చేద్దాం. ర్యాంకు పక్కన పెట్టి మాట్లాడాలి. దాని ప్రాణం వెంటనే చెయ్యడంలో ఉంది, నెల తర్వాత పెడితే అందరూ తమ తమ కథలు రెడీ చేసుకుని వస్తారు. బాగా జరిగిన పనికి కూడా పెట్టాలి, అప్పుడే ఇది కోర్టు కాదని జనానికి నమ్మకం వస్తుంది. టాటా గ్రూప్ వాళ్ళ ఇన్నోవిస్టా పోటీల్లో డేర్ టు ట్రై అని ఒక విభాగం ఉంది, ధైర్యంగా ప్రయత్నించి ఫలించని ప్రాజెక్టులకి అవార్డు. చిన్న కంపెనీకి అవార్డు అక్కర్లేదు, డైరెక్టర్ గారు అందరి ముందు అరవకుండా ఉంటే చాలు.

మాది ఫార్మా, అంతా జీఎంపీ (మందుల తయారీ నాణ్యతా నియమాలు). ఇక్కడ ఇన్నోవేషన్ ఎలా, ఏం మార్చినా చేంజ్ కంట్రోల్ కదా?

మార్చడానికి చేంజ్ కంట్రోల్, అంటే ముందే రాసి ఆమోదం తీసుకోవడం, కావాలి, గమనించడానికి అక్కర్లేదు కదా. డీవియేషన్లు (పద్ధతి తప్పిన సందర్భాలు), క్యాపాలు (వాటిని దిద్దడానికి, మళ్ళీ రాకుండా చెయ్యడానికి తీసుకున్న చర్యలు), బ్యాచ్ రికార్డుల రిమార్క్స్ కాలమ్, ఇవన్నీ మీ దగ్గర ఇప్పటికే రాసిపెట్టి ఉన్న తెలివి, కానీ ఆడిట్ కోసం రాసి బీరువాలో పెట్టేశారు. ఏడాది డీవియేషన్లు తీసి మెషీన్ వారీగా, షిఫ్టు వారీగా, నెల వారీగా పేర్చి ఆపరేటర్ల ముందు పెట్టండి, వాళ్ళు చెప్పే కారణాలు క్యూఏ (క్వాలిటీ విభాగం) రిపోర్టులో ఉన్నవాటికి చాలాసార్లు వేరుగా ఉంటాయి. హ్యూమన్ ఎర్రర్, రీట్రైనింగ్ ఇచ్చాం అని మూసేసిన ప్రతిదాన్ని అనుమానించండి.

ఆ షాప్ ఫ్లోర్ సంగతులు ఇంగ్లీషులోనే రాయాలా?

కంట్రోల్డ్ డాక్యుమెంట్ ఏ భాషలో ఉండాలో మీ క్వాలిటీ సిస్టమ్ చెప్తుంది. నేర్పించడం మాత్రం వాళ్ళ భాషలో చెయ్యండి, తెలుగు, పాశమైలారం జీడిమెట్ల వైపు హిందీ, ఒడియా కూడా. ఆపరేటర్ చేతులు కనపడేలా రెండు నిమిషాల వీడియో, వెనక ఆయన గొంతే, మెషీన్ పక్కన క్యూఆర్ కోడ్, అంతే. మొబైల్ లోపలికి రానివ్వని ఏరియా అయితే అక్కడే ఒక ట్యాబ్ పెట్టండి. ఇంగ్లీషు రాదని ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఏమీ అడగని మనిషి, కెమెరా పెట్టగానే ఎన్ని చెప్తాడో చూస్తే మీకే తెలుస్తుంది.

ఐడియాలు బయట్నుంచి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవాలి. హెన్రీ చెస్‌బ్రో 2003లో దీనికి ఓపెన్ ఇన్నోవేషన్ అని పేరు పెట్టాడు. ప్రింగిల్స్ చిప్స్ మీద బొమ్మలు అచ్చువెయ్యాలని పీ అండ్ జీ అనుకున్నప్పుడు, సొంతంగా కనిపెట్టకుండా వెతికితే ఇటలీ బొలోన్యాలో ఒక ప్రొఫెసర్ నడిపే చిన్న బేకరీలో ఆ పద్ధతి దొరికింది. మన వైపు టీ-హబ్ అనే స్టార్టప్ కేంద్రం 2015లో ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లో మొదలై 2022లో రాయదుర్గం పెద్ద బిల్డింగ్‌లోకి వెళ్ళింది, కంపెనీల సమస్యలకి స్టార్టప్‌లని కలిపే ప్రోగ్రాములు నడుపుతుంది. వెళ్ళేముందు మీ సమస్యని ఒక పేజీలో రాసుకోండి, ఏదైనా ఇన్నోవేటివ్‌గా కావాలి అని వెళ్తే డెమోలు చూసి, కాఫీ తాగి రావడమే.

ఉద్యోగి తెలివి ఎవరిది? వెళ్ళి కాంపిటీటర్‌లో చేరితే ఆపొచ్చా?

నేను లాయర్ని కాదు, అగ్రిమెంట్ రాసేముందు లాయర్‌కి చూపించండి. మామూలుగా తెలియాల్సింది ఇది. ఉద్యోగం మానేశాక ఫలానా చోట చెయ్యకూడదు అనే షరతు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద మన దేశంలో చెల్లదు. రహస్యాలు బయటపెట్టకూడదు అనే షరతు వేరు, అది నిలబడుతుంది. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, మాన్యువల్ మీద కాపీరైట్, ఒప్పందంలో వేరేగా లేకపోతే, కంపెనీదే. పేటెంట్ అలా కాదు, కనిపెట్టినవాడి నుంచి అసైన్‌మెంట్ రాయించుకోవాలి. ఉత్త సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామ్‌కి మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) పేటెంట్ ఇవ్వదు. చేతిలో ఉన్న నైపుణ్యాన్ని ఏ అగ్రిమెంటూ వెనక్కి తీసుకోలేదు, కాబట్టి ఒక్కడి మీదే ఆధారపడకుండా చూసుకోవడమే గట్టి రక్షణ.

ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) ఏమైనా ఉందా దీనికి?

ఉంది. నాలెడ్జ్ మేనేజ్‌మెంట్‌కి ఐఎస్ఓ 30401, 2018లో వచ్చింది, ఇన్నోవేషన్‌కి 56002 అని 2019లో, సర్టిఫికేషన్‌కి పనికొచ్చే 56001 అని 2024లో. మీకు క్వాలిటీ మేనేజ్‌మెంట్‌కి ఇచ్చే 9001 సర్టిఫికెట్ ఉంటే 2015 వెర్షన్‌లో 7.1.6 క్లాజ్ చూడండి, సంస్థకి ఉన్న నాలెడ్జ్‌ని గుర్తించి నిలబెట్టుకోవాలి అని అందులోనే ఉంది. ఆడిటర్ అడిగితే ట్రైనింగ్ రిజిస్టర్ చూపించి దాటేస్తుంటారు చాలామంది. గోడకి ఇంకో ఫ్రేమ్ కోసం అయితే వద్దు.

మేనేజ్‌మెంట్‌కి నంబర్లు చూపించాలి, ఏం కొలవాలి?

ఎన్ని డాక్యుమెంట్లు అప్‌లోడ్ అయ్యాయి అన్నది మాత్రం చూపించకండి. కొత్తవాడు ఒంటరిగా మొదటి టికెట్ క్లోజ్ చెయ్యడానికి ఎన్ని రోజులు పడుతోంది, అదే సమస్య మళ్ళీ ఎన్నిసార్లు వచ్చింది, ఒక్క మనిషికే తెలిసిన పనులు ఎన్ని మిగిలాయి, సజెషన్‌కి జవాబు ఎన్ని రోజుల్లో వెళ్ళింది. ఈ నాలుగూ మీ టికెట్ సిస్టమ్‌లోంచి, హెచ్‌ఆర్ దగ్గర్నుంచి తీసుకోవచ్చు, కొత్త డాష్‌బోర్డు అక్కర్లేదు.

మేం ముప్ఫై మందిమే, ఇవన్నీ మాకు అవసరమా?

అన్నీ అక్కర్లేదు. ఒక కాగితం తీసుకుని ఎడమవైపు ఆగిపోతే కంపెనీ ఆగిపోయే పనులు రాయండి, జీఎస్టీ ఫైలింగ్, సర్వర్, టాలీ, ముఖ్యమైన కస్టమర్, ఆ మెషీన్ సెట్టింగ్. కుడివైపు అది తెలిసిన మనుషుల పేర్లు. ఒకే పేరున్న వరసలు ముందు పట్టుకోండి, ఆ మనిషిని వారం రోజులు సెలవు మీద పంపండి, ఫోన్ చెయ్యకుండా నడపడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఆగితే అక్కడ రాసుకోండి. కొన్ని వరసల్లో ఆ ఒక్క పేరు ఓనరుగారిదే వస్తుంది, సెలవు ఆయన కూడా తీసుకోవాలి మరి.

ఇందులో ఉద్యోగాలు ఉన్నాయా?

పెద్ద ఐటీ కంపెనీల్లో, కన్సల్టింగ్‌లో, హైదరాబాద్‌లో ఉన్న జీసీసీల్లో (విదేశీ కంపెనీల సొంత ఆఫీసుల్లో) నాలెడ్జ్ మేనేజర్ అన్న పేరుతోనే ఉంటాయి. టెక్నికల్ రైటింగ్, లైబ్రరీ సైన్స్, సపోర్ట్ లీడ్ నుంచి వచ్చినవాళ్ళు బాగా రాణిస్తారు. ఇంటర్వ్యూలో టూల్స్ పేర్లు చెప్పడం కంటే, ఒక పని ఒక్క మనిషి చేతిలోంచి ముగ్గురి చేతుల్లోకి ఎలా తెచ్చారో చెప్పగలిగితే తీసుకుంటారు.